లైసెన్సు లేనాయన చేసిన ఇంజను

ఫెలిక్స్ వాంకెల్ పేరు మెకానికల్ వాళ్లందరికీ తెలుసు. ఐసీ ఇంజన్స్ సబ్జెక్టులో ఆయనకి దక్కేది మహా అయితే ఒక పేజీ, ఒక బొమ్మ. పరీక్షలో వస్తే ఆ బొమ్మ గీసి, నాలుగు లాభాలూ నాలుగు నష్టాలూ రాసి బయటపడతాం. మిగతా బ్రాంచిల వాళ్లకి పేరు తెలియకపోయినా కారు తెలుసు. టోక్యో డ్రిఫ్ట్ సినిమాలో హాన్ నడిపే నారింజ, నలుపు రంగుల మాజ్దా ఆర్ఎక్స్-7 గుర్తుందా? ఆ బండిని అంత మంది ప్రేమించడానికీ, తిట్టుకోవడానికీ కారణం ఒకటే, వాంకెల్ ఇంజను.

నిజానికి నేను ఆ కారు గురించే రాద్దామనుకున్నాను. ముప్ఫై ఏళ్ల పాత టర్బో రోటరీ కారుని ఇప్పటికీ నమ్మకంగా నడుపుకునేవాళ్లు ఏమేం చేస్తారు, ఎందుకు చేస్తారు అని చదువుతూ పోతే ప్రతి జవాబూ తిరిగి తిరిగి వేలెడు పొడవు సన్నటి ఇనప పట్టీ దగ్గరికే వచ్చి ఆగింది. ఆ పట్టీ పుట్టుక వెతికితే ఈ మనిషి దొరికాడు. డిగ్రీ లేకుండా ప్రపంచాన్ని మార్చినవాళ్ల జాబితాల్లో ఈయన ఫొటో పెడుతుంటారు. ఆ జాబితాలు సగమే చెబుతాయి. మిగతా సగం కూడా తెలియాలనే ఇది రాస్తున్నాను.

వాంకెల్ 1902 ఆగస్టు 13న నైరుతి జర్మనీలో, బాడెన్ ప్రాంతంలోని లార్ అనే ఊళ్లో పుట్టాడు. ఒక్కడే కొడుకు. తండ్రి అటవీ శాఖ అధికారి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తల్లోనే ఆయన చనిపోయాడు. తల్లీకొడుకులు ఊళ్లు మారారు, బళ్లు మారాయి. 1921లో, స్కూలు చివరి పరీక్ష రాయకుండానే వాంకెల్ చదువు ఆపేశాడు. యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ రోజురోజుకీ పడిపోతున్న కాలం అది. యూనివర్సిటీ అన్న మాటే లేదు. హైడెల్‌బర్గ్‌లో సైన్సు పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో పనికి కుదిరాడు. అంటే మనలాగా ఇంజనీరింగ్ పుస్తకాలు చదివి పాసైనవాడు కాదు, పుస్తకాలు అమ్ముతూ చదువుకున్నవాడు. కళ్లు కూడా సరిగ్గా లేవు. హ్రస్వదృష్టి ఎంత ఎక్కువంటే, జీవితాంతం ఆయనకి డ్రైవింగ్ లైసెన్సే లేదు.

పదిహేడేళ్ల వయసులో ఆయనకి ఒక కల వచ్చిందని చెబుతారు. సగం టర్బైను, సగం మామూలు ఇంజను లాంటి కొత్త యంత్రంతో నడిచే కారులో కచేరీకి వెళ్తున్నట్టు. ఇలాంటి కలల కథలు గొప్పవాళ్లందరికీ తర్వాత అతుకుతాయి కాబట్టి నేను దాన్ని పెద్దగా పట్టించుకోను. పట్టించుకోవాల్సింది 1924లో హైడెల్‌బర్గ్‌లో ఆయన పెట్టుకున్న చిన్న వర్క్‌షాపుని. పగలు ఉద్యోగం, మిగతా టైమంతా అక్కడే. 1929లో మొదటి పేటెంటు వచ్చింది.

ఆయన్ని పట్టుకున్న సమస్య ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. గుండ్రంగా తిరిగే ఇంజను చేద్దామన్న ఆలోచన కొత్తది కాదు. 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన రామెల్లి తిరిగే పంపుల బొమ్మలు గీశాడు. ఆవిరి యంత్రం మీద పని చేసిన జేమ్స్ వాట్ కూడా తిరిగే ఆవిరి యంత్రం కోసం ప్రయత్నించాడు. అందరూ ఒకే చోట ఓడిపోయారు. లీకు. పిస్టన్ గుండ్రంగా ఉంటుంది, సిలిండరూ గుండ్రమే, మధ్యలో గుండ్రటి రింగు వేస్తే గ్యాసు ఆగుతుంది. అదే మూలలున్న ఒక ముక్క వంకర గదిలో తిరుగుతుంటే మూలల దగ్గర, పక్కల దగ్గర, మూలా పక్కా కలిసే చోట గ్యాసుని ఎలా ఆపుతావు? వాంకెల్ కంటే ముందువాళ్లు ఆకారం గురించి ఆలోచించారు. వాంకెల్ ముందు సీలు గురించి ఆలోచించాడు. పిస్టన్ రింగు గట్టిగా అంటుకుని ఉండేది దాని స్ప్రింగు బలం వల్ల మాత్రమే కాదు, మండిన గ్యాసే రింగు వెనక్కి దూరి దాన్ని గోడకి అదుముతుంది. లీకు చేయబోయే గ్యాసు చేతే కాపలా కాయించడం అన్నమాట. ఈ సూత్రాన్ని ఆయన తిరిగే వాల్వుల మీద ఏళ్ల తరబడి పరీక్షించాడు. నా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం ఇదే. ఆ త్రికోణం తర్వాతి సంగతి.

ఇక జాబితాలు చెప్పని సగం. ఇదే వాంకెల్ 1921లో యూదు ద్వేషాన్ని ప్రచారం చేసే ఒక సంఘంలో చేరాడు. 1922లో నాజీ పార్టీలో చేరాడు. పార్టీ నిషేధంలో ఉన్న రోజుల్లో కుర్రాళ్ల బృందాలు పెట్టి రాత్రి నడకలు, సైనిక తరహా శిక్షణలు నడిపాడు. 1926లో మళ్లీ పార్టీలోకి వెళ్లాడు. లార్‌లో పార్టీ శాఖ పెట్టడంలో ఆయన తల్లి చెయ్యి కూడా ఉంది. 1928లో హిట్లర్‌ని కలిసి, యువతకి సాంకేతిక విద్య ఎందుకు అవసరమో చెప్పే అవకాశం కూడా దొరికింది. 1931లో బాడెన్ ప్రాంతపు హిట్లర్ యూత్‌కి నాయకుడయ్యాడు. అంటే ఎవరో బలవంతం చేస్తే కార్డు తీసుకున్న మనిషి కాదు. పార్టీ ఏమీ కానప్పుడే ఇష్టంగా వెళ్లినవాడు.

తర్వాత అక్కడి పార్టీ పెద్ద రాబర్ట్ వాగ్నర్‌తో చెడింది. కుర్రాళ్లకి సైనిక శిక్షణ ఎక్కువ ఉండాలని ఈయన, రాజకీయ పని ఎక్కువ ఉండాలని ఆయన. వాంకెల్ బహిరంగంగా వాగ్నర్‌ని అవినీతిపరుడన్నాడు. 1932లో పదవి పోయింది, ఆ అక్టోబరులో పార్టీలోంచి గెంటేశారు. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే వాగ్నర్ ఈయన్ని లార్ జైల్లో పెట్టించాడు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా లోపలే ఉన్నాడు. విడిపించింది హిట్లర్ ఆర్థిక సలహాదారు విల్‌హెల్మ్ కెప్లర్. ఈ జైలు సంగతి ఒక్కటే చెప్పి వాంకెల్‌ని నాజీల బాధితుడిగా చూపించేవాళ్లు ఉన్నారు. అది న్యాయం కాదు. దెబ్బలాట పార్టీ లోపలి దెబ్బలాట. 1937లో మళ్లీ సభ్యత్వం అడిగితే ఇవ్వలేదు గానీ, 1940లో ఎస్ఎస్‌లో మంచి హోదా ఇచ్చారు. రెండేళ్లకి అదీ తీసేశారు.

కెప్లర్ అండ వల్ల ఇంకో లాభం కూడా జరిగింది. 1936లో విమానయాన మంత్రిత్వ శాఖ డబ్బుతో కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావులో వాంకెల్‌కి సొంత వర్క్‌షాపు వచ్చింది. యుద్ధం పొడవునా అక్కడ విమానాల ఇంజన్లకి తిరిగే వాల్వులు, సీళ్లు, నౌకాదళం టార్పెడోలకి పరికరాలు తయారుచేశాడు. మనం పరీక్షలో గీసే బొమ్మకి పునాది పడింది ఆ డబ్బుతోనే. ఇంజను గొప్పది కాబట్టి మనిషిని వదిలెయ్యాలనీ, మనిషి అలాంటివాడు కాబట్టి ఇంజను చదవకూడదనీ నేను అనను. రెండూ ఒకే పేజీలో ఉండాలంటాను, అంతే.

1945లో ఫ్రెంచి సైన్యం వచ్చి ఆయన్ని కొన్ని నెలలు జైల్లో పెట్టింది. వర్క్‌షాపు మూసేసి, పని స్వాధీనం చేసుకుని, ఇక పరిశోధన చెయ్యకూడదంది. 1951 నాటికి మళ్లీ లేచాడు. పిస్టన్ రింగులు, సీళ్లు చేసే గోట్జె కంపెనీ డబ్బు పెడితే లిండావులో సొంత ఇంట్లోనే పరిశోధన కేంద్రం పెట్టుకున్నాడు. అదే ఏడాది మోటారు సైకిళ్ల కంపెనీ ఎన్ఎస్‌యూతో ఒప్పందం కుదిరింది. మొదట అక్కడా వాల్వుల పనే. తర్వాత 1954లో ఆ ఆకారం కుదిరింది. 1956లో ఆయన తిరిగే కంప్రెసరు బిగించిన 50 సీసీ ఎన్ఎస్‌యూ బండి అమెరికాలోని బానెవిల్ ఉప్పు మైదానంలో గంటకి 190 కిలోమీటర్లు దాటింది. యాభై సీసీ! మన లూనా మోపెడ్ సైజు ఇంజను.

1957 ఫిబ్రవరి 1న మొదటి వాంకెల్ ఇంజను ఎన్ఎస్‌యూలో స్టార్టయింది. 21 హార్స్‌పవర్. కానీ అది మనం గీసే బొమ్మ కాదు. అందులో లోపలి రోటారూ తిరిగేది, బయటి గది కూడా తిరిగేది. కంపనాలు దాదాపు ఉండవు, లెక్కలో అందంగా ఉంటుంది, కానీ స్పార్కు ప్లగ్గు మార్చాలంటే ఇంజను విప్పాలి. ఎన్ఎస్‌యూ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె, వాంకెల్‌కి చెప్పకుండానే, బయటి గదిని కదలకుండా నిలబెట్టి రోటార్‌ని మాత్రం తిప్పే రకం తయారుచేశాడు. వాంకెల్‌కి ఒళ్లు మండింది. తన పందెం గుర్రాన్ని నాగలికి కట్టారని బాధపడ్డాడట. ప్రపంచంలో రోడ్డెక్కిన వాంకెల్ కార్లన్నీ ఆ నాగలి గుర్రం సంతానమే.

బొమ్మ మర్చిపోయినవాళ్ల కోసం: బయటి గది మధ్యలో కొంచెం నొక్కుకున్న వేరుశనగ కాయలా ఉంటుంది. లోపల ఉబ్బిన సమోసాలాంటి రోటారు. మూడు మూలలూ ఎప్పుడూ గోడని తాకుతూ తిరుగుతాయి. రోటారు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, పైకీ కిందకీ కొట్టుకునేది ఏదీ లేదు. మూడు మూలల్లోనూ గాడి చేసి పెట్టే పట్టీయే అపెక్స్ సీల్. కష్టమంతా దానిదే. పిస్టన్ ఇంజన్లో మంట పుట్టే చోటికే చల్లటి గాలి కూడా వస్తుంది. ఇందులో అలా కాదు. గదికి ఒక పక్క ఎప్పుడూ చల్లటి గాలి, ఇంకో పక్క ఎప్పుడూ మంట. గోడ ఒక వైపు సాగుతుంది, ఇంకో వైపు సాగదు. ఆ వంకర గోడ మీద నిమిషానికి వేల సార్లు ఆ పట్టీ రాసుకుంటూ పోవాలి.

1967లో వచ్చిన ఎన్ఎస్‌యూ రో 80 అనే అందమైన కారు ఇక్కడే దెబ్బతింది. 1968కి యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ అయింది, కానీ కొన్న చాలామందికి 50,000 కిలోమీటర్లైనా తిరక్కుండానే సీళ్లు అరిగి ఇంజను పోయేది. కంపెనీ మర్యాదగా ఉచితంగా కొత్త ఇంజన్లు వేస్తూ పోయింది. రోడ్డు మీద ఎదురైన రో 80 ఓనర్లు వేళ్లు చూపించి తమది ఎన్నో ఇంజనో చెప్పుకునేవారని ఒక కథ. 1969లో ఎన్ఎస్‌యూ ఫోక్స్‌వ్యాగన్ కిందకి వెళ్లిపోయింది.

వాంకెల్ ఇంజనుని బతికించింది జపాన్. హిరోషిమాలోని టోయో కోగ్యో, అంటే ఇప్పటి మాజ్దా, 1961లో లైసెన్సు తీసుకుంది. అధ్యక్షుడు త్సునేజి మత్సుదా ఆ పనిని కెనిచి యమమోతో చేతిలో పెట్టాడు. ఆయన కింద 47 మంది. జపాన్ పాత కథలోని 47 మంది సమురాయ్‌లతో వాళ్లని పోల్చేవారు. వాళ్లకి ఎదురైన శత్రువు, గది గోడ మీద అడ్డంగా పడే అలల్లాంటి గీతలు. దెయ్యం గోళ్ల గీతలని పేరు పెట్టారు. చివరికి తేలిందేమిటంటే, సీలు తన సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర వణుకుతూ గోడని గీరేస్తోంది. వైబ్రేషన్స్ పేపరులో మనం చచ్చీ చెడీ గట్టెక్కే అదే రెజొనెన్స్. పట్టీకి అడ్డంగా, నిలువుగా రంధ్రాలు చేసి ఆ ఫ్రీక్వెన్సీ మార్చారు, గీతలు పోయాయి. తర్వాత కార్బన్‌లో అల్యూమినియం నింపిన సీళ్లతో 1967 మేలో కాస్మో స్పోర్ట్ కారు వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో 84 గంటల పందెంలో ఒక కాస్మో నాలుగో స్థానంలో పూర్తిచేసింది. వాంకెల్ సొంత దేశంలో.

ఇప్పుడు టర్బో కార్ల సంగతి. 1978లో ఆర్ఎక్స్-7 వచ్చింది, 1985లో రెండో తరం, 1991లో రెండు టర్బోలతో మూడో తరం. 654 సీసీ గదులు రెండు, మొత్తం 1.3 లీటర్లు, మొదట్లోనే 255 హార్స్‌పవర్. ఈ రెండు తరాల టర్బో ఇంజన్లలో అపెక్స్ సీలు మందం 2 మిల్లీమీటర్లు. పాత ఇంజన్లలో 3 ఉండేది. టర్బో పెట్టగానే ఆ పట్టీకి కొత్త శత్రువు తయారైంది, నాకింగ్. పిస్టన్ ఇంజను కాస్త నాకింగ్‌ని ఓర్చుకుంటుంది. ఇందులో ఒకటి రెండు గట్టి దెబ్బలకే పట్టీ విరగొచ్చు. విరిగిన ముక్క ఎగ్జాస్టు పోర్టు గుండా వెళ్లి టర్బైను రెక్కల్ని కూడా తినేస్తుంది. అందుకే తెలిసిన ఓనర్లు పవరు పెంచడానికి ముందు పెట్రోలు సరిపడా వస్తోందా, లోపలికెళ్లే గాలి చల్లగా ఉందా చూస్తారు. ఎగ్జాస్టు మాత్రం ఖుల్లాగా మార్చేసి ఇంధనం సంగతి వదిలేస్తే బూస్టు అదుపు తప్పి పెరుగుతుంది, మిశ్రమం పలచబడుతుంది, పట్టీ విరుగుతుంది. ఎన్నో ఇంజన్లు ఆ దారినే పోయాయి.

రెండో శత్రువు వేడి. ఈ ఇంజను ఇనుము, అల్యూమినియం పలకల్ని శాండ్‌విచ్‌లా పేర్చి పొడవాటి బోల్టులతో బిగించినది. మధ్యలో కూలెంటుని ఆపేవి రబ్బరు సీళ్లు. ఒక్కసారి బాగా వేడెక్కితే అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ సాగి ఆ రబ్బరు దెబ్బతింటుంది. అప్పటినుంచి పొద్దున స్టార్టు చేస్తే తెల్ల పొగ, కూలెంటు మెల్లగా మాయం. మూడో తరంలో కూలెంటులోంచి గాలి వేరుచేసే చిన్న ప్లాస్టిక్ ట్యాంకు ఒకటుంది. వేడికి పెళుసెక్కి పగిలేది అదే. పది వేల రూపాయల ట్యాంకు కూడా కాదు, లక్షల ఇంజనుని తీసుకుపోతుంది. కాబట్టి పాత కారు కొనగానే దాన్ని తీసేసి అల్యూమినియంది వేస్తారు. రెండు టర్బోల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపించే సన్నటి వ్యాక్యూమ్ గొట్టాల గుంపు కూడా అంతే. ఆ వేడికి గట్టిపడి పగుళ్లిస్తే టర్బో పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. అన్నిటినీ సిలికాన్ గొట్టాలతో మార్చడం ఒక వారాంతం పని, ఓపిక పని.

మూడోది నూనె. ఈ ఇంజను కావాలనే నూనె తాగుతుంది. చిన్న పంపు ఒకటి సీళ్ల తడి కోసం ఆయిల్‌ని గదిలోకి కొంచెం కొంచెం వదులుతుంది. కొత్తగా కొన్నవాళ్లు ఆయిలు తగ్గుతోందని కంగారు పడతారు. తగ్గకపోతేనే కంగారు పడాలి. అదే ఆయిలు రోటార్ల లోపలికి చిమ్మి వాటిని చల్లబరుస్తుంది కూడా. అందుకే డిప్‌స్టిక్ తరచూ చూడటం, అయిదు వేల కిలోమీటర్లకే ఆయిలు మార్చడం. ఇంజను వేడెక్కేదాకా రేజ్ చెయ్యకూడదు. గట్టిగా నడిపి వచ్చాక టర్బో చల్లబడేలా ఒక నిమిషం ఐడిల్‌లో వదలాలి. చల్లటి ఇంజనుని స్టార్టు చేసి, కారు రెండడుగులు జరిపి వెంటనే ఆపెయ్యకూడదు. పెట్రోలు సీళ్ల మీది నూనెని కడిగేసి, మళ్లీ స్టార్టవ్వకుండా మొండికేస్తుంది. కంప్రెషను చూడాలన్నా మామూలు గేజి చాలదు, అది మూడు ముఖాల్లో బాగున్నదాని అంకె ఒక్కటే చూపిస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే పరికరం కావాలి.

వాంకెల్ ఈ మూడో తరాన్ని చూడలేదు. 1971లో ఆయన కంపెనీని బ్రిటన్‌కి చెందిన లోన్రో సంస్థ 10 కోట్ల మార్కులకి కొన్నది. 1969లోనే మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చదువు ఆపేసిన 48 ఏళ్లకి. అప్పటికి చాలా కంపెనీలు లైసెన్సులు కొనేసి ఉన్నాయి, 1973 చమురు సంక్షోభంతో ఎక్కువ పెట్రోలు తాగే ఈ ఇంజనుని ఒక్కొక్కరే వదిలేశారు. ఆయన మాత్రం లిండావులో జిష్ అనే వేగం పడవల మీద పడ్డాడు. ఎన్ఎస్‌యూ రో 80 ఒకటి ఆయన దగ్గరా ఉండేది, నడిపేది డ్రైవరే.

ఆ డబ్బుతో ఆయన చేసిన ఇంకో పని నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. ప్రయోగశాలల్లో జంతువుల్ని కోయడాన్ని ఆయన జీవితాంతం వ్యతిరేకించాడు. జంతువుల అవసరం లేకుండా చేసే పరిశోధనలకి 1972లో తన పేరు మీద బహుమతి పెట్టాడు. అది ఇప్పటికీ ఇస్తున్నారు. ఎస్ఎస్ యూనిఫాం, ఈ జాలి ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాలేదు. ఒకటి రెండోదాన్ని కడిగేస్తుందని మాత్రం అనుకోను.

1936లో పెళ్లి చేసుకున్న ఎమ్మాతో ఆయనకి పిల్లలు లేరు. 1988 అక్టోబరు 9న హైడెల్‌బర్గ్‌లో చనిపోయాడు, అక్కడి బెర్గ్‌ఫ్రీడ్‌హోఫ్ శ్మశానంలోనే సమాధి. మూడేళ్ల తర్వాత, 1991 జూన్‌లో, నాలుగు రోటార్ల ఇంజనుతో మాజ్దా 787బి ఫ్రాన్స్‌లోని ల మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. దాని అపెక్స్ సీళ్లు సిరామిక్‌వి. పందెం అయ్యాక ఇంజను విప్పి చూస్తే మళ్లీ పరిగెత్తేటట్టే ఉంది.